తీగ పట్టుకునే పెద్దల్లుడు

తర్లుపాడు పక్కన ఆ పల్లెలో రేడియోకు ఏరియల్ కొన్నవాళ్ళు ఎవరూ లేరు. ఏబేలు ఉండగా ఏరియల్ దేనికి? రాగి తీగ కొస రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆయన నిలబడ్డాడంటే, ఎంత దూరపు స్టేషనైనా గొంతు సవరించుకుని మాట్లాడాల్సిందే.

ఒకసారి పెళ్ళిపందిట్లో క్రికెట్ కామెంటరీ సరిగా రాకపోతే, మగపెళ్ళివారు ఏబేలును బెంచీ ఎక్కించి, తడి తువ్వాలు భుజాన వేసి, పైకెత్తిన చేతిలో స్టీలు గ్లాసు పెట్టి నిలబెట్టారు. ఆరు ఓవర్లు అచ్చం గంట కొట్టినట్టు వినిపించాయి. ఇంతలో పాస్టరుగారు వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన అయిపోయింది, అందరూ కూర్చున్నారు. ఏబేలు మాత్రం ఆకాశంవైపు చెయ్యెత్తి అలాగే ఉన్నాడు. ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆ భక్తి చూసి కళ్ళు తుడుచుకున్నారు.

ఈ కథ చెప్పుకుని నవ్వనివాడు ఊళ్ళో లేడు, ఒక్క స్టీఫెన్ తప్ప. స్టీఫెన్ అంటే ఏబేలు తోడల్లుడు. మార్కాపురంలో సెల్‌ఫోన్ల దుకాణం. ప్రతి ఆదివారం భార్య సుప్రియను బండి ఎక్కించుకుని అత్తగారింటికి వస్తాడు. ఉత్త చేతులతో రాడు. ఫ్యాను తెచ్చాడు, మిక్సీ తెచ్చాడు, కరెంటు పొయ్యి తెచ్చాడు. అత్త కరుణమ్మ వాటన్నిటికీ పాత చీరముక్కలతో ముసుగులు కుట్టి గోడవారన పెట్టింది. అవి చర్చికొచ్చిన ఆడవాళ్ళలాగా తలమీద కొంగు కప్పుకుని వరసగా కూర్చుని ఉండేవి.

మరి పెద్దల్లుడు ఏబేలు ఏం తెస్తాడు? పలకల గనిలో ముప్పై ఏళ్ళు చేసి, నడుము వంగాక కూలికి పోతున్న మనిషి. అత్తది ముందిల్లు, ఆయనది వెనకిల్లు. పొద్దుగూకగానే వచ్చి కిటికీ బయట అత్త రేడియో తీగ పట్టుకుని నిలబడతాడు. అంతే. అయినా ఆదివారం కూరలో మూలుగ బొక్క ఆయన పళ్ళెంలోకే పోతుంది.

"చూసినావా? మళ్ళా ఆయనకే ఏసింది," అన్నాడు స్టీఫెన్ తిరుగుదారిలో, బండి మీద.

"యాభై ఏళ్ళొచ్చినాయి, బొక్క కోసం ఏడుస్తాండావా?" అంది సుప్రియ.

"బొక్క కాదే. మర్యాద."

"అయితే రేపు మటన్ కొట్టుకు పోయి ఓ కిలో మర్యాద కొట్టించుకో."

ఒకప్పుడు పొద్దువాలితే చాలు, ఆ పల్లెలో మీడియం వేవ్ మీద కడప పలికేది, బెజవాడ పలికేది, మద్రాసు పలికేది, సముద్రం దాటి సిలోను పాటలు కూడా వచ్చేవి. ఏ స్టేషన్‌కు ఏ చెయ్యి ఎత్తాలో, ఏ కాలి మీద నిలబడాలో ఏబేలుకు నోటికి వచ్చు. ఇప్పుడు ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పినా జొన్నలు వేయించినట్టు చిటపటలే. అందరి పాటలూ ఫోన్లలోకి పోయాయి. కరుణమ్మకు మిగిలింది ఒకటే: సముద్రం అవతలి నుంచి సాయంత్రం పావుగంటసేపు వచ్చే తెలుగు కీర్తన, వాక్యం. చివర్లో "మీ అక్కరలు ప్రభువుకు చెప్పుకోండి" అని ఒక నిమిషం సన్నగా వాయిద్యం వేస్తారు. ఆ పావుగంటా వానైనా చలైనా కిటికీ బయట ఏబేలు ఉండాల్సిందే.

ఈ ఉద్యోగం ఎట్లాగైనా ఊడగొట్టాలని స్టీఫెన్ పట్టుబట్టాడు. ఒక ఆదివారం కొత్త ఫోను, స్పీకరు తెచ్చి అత్త ముందు పెట్టాడు.

"అదే వాక్యం అత్తా. గుర్రు లేదు, గురక లేదు. ఇంక తీగతో పనిలేదు."

కరుణమ్మ చెవి దగ్గర పెట్టుకుని వింది. "ఇదేంది నాయనా, పక్కింటాయన మాట్లాడినట్టుండాది? సముద్రం దాటొచ్చే మనిషికి కాస్త అలుపన్నా ఉండొద్దా?"

"తమ్ముడూ, బాగా వస్తాందా?" అని కిటికీ బయట నుంచి కేక.

"ఆ తీగ దేనికీ తగిలించలేదన్నా! ఊరికే పట్టుకోనుండావు!"

"పట్టుకుంటే పోయేదేముంది లే. నువ్వు కానీ."

స్పీకరులో బోధకుడు గొంతు పెంచాడు. "సహోదరా, ఆయన నిన్నే అడుగుతున్నాడు..." సరిగ్గా అప్పుడే స్టీఫెన్ సొంత ఫోనుకు రిపేరు గిరాకీ ఒకడు చేశాడు; అదీ ఆ స్పీకరుకే కలిపి ఉంది. స్టీఫెన్ తడబాటుగా ఎక్కడో నొక్కాడు. "నా డిస్‌ప్లే ఎప్పుడిస్తావన్నా? వారమాయె!" అని ఇల్లంతా మారుమోగింది.

కళ్ళు మూసుకున్న కరుణమ్మ భక్తిగా "ఆమేన్" అంది. మరుసటి ఆదివారానికి స్పీకరుకు కూడా ముసుగు పడింది.

తర్వాత కొద్ది రోజులకు అవకాశం దానంతటదే వచ్చింది. ఏబేలు చుట్టాల పెళ్ళికి గిద్దలూరు పోయాడు, రెండు రోజులదాకా రాడు. సంగతి తెలియగానే స్టీఫెన్ మంగళవారం, పనిరోజని కూడా చూడకుండా దుకాణం కట్టేసి వచ్చి ఏబేలు భార్య జెస్సీని పక్కకు పిలిచాడు.

"వదినా, ఈ పూట తీగ నేను పడతా. అత్తకు మాత్రం చెప్పొద్దు, నువ్వే పట్టినావనుకోనీ. ఎవరు పట్టినా ఒకటేనని తేలిపోవాల."

కిటికీ బయట తీగ పట్టుకుని నిలబడ్డాడు. గొర్రెలు తోలుకొస్తున్న మస్తానయ్య మందను ఆపి మరీ చూశాడు.

"ఏం స్టీఫెనూ, మీ అన్న పోస్టు నీకిచ్చినారా?"

"నీ దోవన నువ్వు పో మామా."

"పోతాలే. ఎడమ చెయ్యి ఎత్తు. ఇంకొంచెం. కుడికాలు మడువు. మీ అన్నయితే గొంతు ఎంత బాగా పలికేది!"

స్టీఫెన్ పళ్ళు కొరుకుతూ ఒంటికాలి మీదికి వచ్చాడు. చిత్రం, రేడియోలో గొంతు తేటపడింది. గొర్రెలు కూడా మెచ్చుకున్నట్టు తలలెత్తి చూశాయి.

చివరి నిమిషం వాయిద్యం మొదలైంది. లోపల కరుణమ్మ మోకాళ్ళూనిన చప్పుడు, ఆ తర్వాత ఆమె గొంతు.

"తండ్రీ, చిన్నల్లుని పేరు మీద వచ్చిన గొంగడి వెచ్చగా ఉండాది. చిన్నల్లుని పేరు మీద వచ్చిన చేతికర్ర ఆసరాగా ఉండాది. మొన్న మోకాలి నూనె కూడా ఆ బిడ్డ పేరు మీదనే వచ్చె. స్టీఫెన్‌ను చల్లంగా చూడు. ఏబేలుకు చెయ్యి నొప్పి లేకుండా చూడు. చెప్పు తెగింది తండ్రీ, పిన్నీసుతో నడుపుకొస్తాండా. అదేం పెద్ద అక్కర కాదులే. ఆమేన్."

స్టీఫెన్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. గొంగడి ఏంది? చేతికర్ర ఏంది? తను ఏనాడూ వాటి మొహం కూడా చూడలేదు.

నేరుగా వెనకింటికి పోయాడు. "వదినా, అత్తకు గొంగడి ఎవరిచ్చినారు?"

జెస్సీ పొయ్యి ఊదడం ఆపింది. "వినేసినావా? మీ అన్నే. మస్తానయ్య మందకు నాలుగు రోజులు కాపలా పోయి సంపాదించినాడు. మాయమ్మ నోరు తెరిచి మనుషుల్ని ఏదీ అడగదు కదా, దేవుణ్ణే అడుగుతాది. ఈయన బయట నిలబడి అది వింటాడు."

"బాగుంది. నా పేరెందుకు చెప్పినాడు?"

"నేనూ అడిగినా. 'నేను రోజూ కంటికి కనపడతానే, తమ్ముడు వారానికొకసారే గదా వచ్చేది, మిగతా ఆరు రోజులు వాడి పేరన్నా ఈ ఇంట్లో ఉండొద్దా' అన్నాడు."

స్టీఫెన్‌కు ఒళ్ళు మండింది. "చూసినావా వదినా ఈ మనిషి పని? మంచితనంలో కూడా ముందే పోయి సీటు మీద తువ్వాల ఏసుకున్నాడు! ఇంక నేను యాడ కూర్చోవాల?"

జెస్సీ పకపకా నవ్వింది. నవ్వించాలని అతను అనలేదు.

పోయే ముందు అత్త గడప దగ్గర ఆగాడు. పిన్నీసు గుచ్చిన చెప్పును జేనతో కొలిచాడు. జేనెడు మీద రెండు వేళ్ళు. ఇన్నేళ్ళుగా ఆ చెప్పుల పక్కనే తన బూట్లు విప్పుతున్నాడు, ఒక్కనాడూ వాటివైపు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ బండి ఆగింది. బుధవారం పూట చిన్నల్లుణ్ణి చూసి కరుణమ్మ కంగారు పడింది.

"అందరూ బాగుండారా నాయనా?"

"బాగుండారత్తా. ఇవి... పెద్దల్లుడు పంపినాడు. గిద్దలూరు నుంచి."

కరుణమ్మ చెప్పులు చూసింది, అవి వచ్చిన సంచీ చూసింది, దానిమీది అక్షరాలు కూడబలుక్కుంది. "గిద్దలూరులో కూడా మార్కాపురం సంచులే ఇస్తాండారా?"

స్టీఫెన్ సంచీని గబగబా మడిచి వెనక దాచాడు.

"ఏబేలు తెచ్చి నీ పేరు చెబుతాడు. నువ్వు తెచ్చి ఏబేలు పేరు చెబుతాండావు. నిజం చెప్పే అల్లుడు నాకు ఒక్కడన్నా దొరకడా?"

"అంటే... నీకు తెలుసా?"

"గొంగడి నిండా మస్తానయ్య మంద వాసన. నీ దుకాణంలో గొర్రెలుండాయా?"

"మరి ప్రార్థనలో నా పేరెందుకత్తా?"

"పెద్దల్లుడు అబద్ధమాడినాడని దేవుని ముందర చాడీ చెప్పమంటావా? ఏబేలు మాట నిజం చెయ్యి తండ్రీ అని అడుక్కున్నా. ఇయ్యాల చేసినాడు." ఆమె కొత్త చెప్పుల్లో కాళ్ళు పెట్టి వాకిట్లో నాలుగడుగులు నడిచింది. అటు పోయి, ఇటు వచ్చింది. "సరిగ్గా సరిపోయినాయి నాయనా. ఏబేలు తెచ్చుంటే ఒక సైజు పెద్దయే తెచ్చేవాడు."

పాతికేళ్ళలో ఇలాంటి మాట ఇదే మొదలు. స్టీఫెన్ మొహం అటు తిప్పుకున్నాడు గానీ, చెవుల దాకా వచ్చిన నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"అత్తా, ఈ మాట అన్నతో చెప్పొచ్చునా?"

"చెప్పు నాయనా," అంది కరుణమ్మ. "ఆయన్ని కూడా కాస్త కుళ్ళుకోనీ."