కార్డినల్ మెడ మీద

కోరుట్లలో నాది ఫొటో స్టూడియో. చనిపోయినవాళ్లకు కోటు తొడగడం మా పనిలో మామూలే. ఎవరిదో ఒంటి మీద తల అతికిస్తాం. బతికినన్నాళ్లూ నాగలి వదలని రైతు కూడా మా ఫ్రేములో టై కట్టుకుని ఉంటాడు. ఇంటివాళ్లు సంతోషంగానే పట్టుకుపోతారు.

నా స్నేహితుడు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. మొన్న ఎండాకాలం పోయాడు. ఆదరణ కూడికలో, అంటే పోయినవాళ్ల కోసం జరిపే ప్రార్థనలో, పెట్టడానికి ఫొటో కావాలని వాళ్ల బిడ్డ వచ్చింది. ఊరందరినీ తీసిన నా దగ్గర అతని మొహం ఒక్కచోటే దొరికింది. జగిత్యాలలో నా గృహప్రవేశం నాటి ఫొటో. చివరి వరసలో, ఇద్దరి భుజాల మధ్య. మెడ కింద ఏమీ లేదు.

వాళ్లు కథోలికులు. కోటు కంటే గొప్పది తొడుగుదామని నెట్‌లో ఒక కార్డినల్ బొమ్మ వెతికాను. కార్డినల్ అంటే పోప్ తర్వాత అంతటివాడు. బరోక్ కాలపు, అంటే మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి, నూనెరంగుల చిత్రం. వెనక అంతా చీకటి, ఒక పక్క నుంచే వెలుగు. మడతలు మడతలుగా జారే ఎర్ర పట్టు, దాని కింద తెల్లటి లేసు. కుర్చీ మీద ఉంగరం పెట్టిన మెత్తటి చేయి, ఎవరైనా వంగి ముద్దుపెట్టుకోవాలన్నట్టు. ఆ తల తీసేసి నా స్నేహితుడి తల పెట్టాను. ఫ్లాష్‌కు కళ్లు చిట్లించిన మొహం ఆ మెడకు అతకనే లేదు. అయినా ప్రింటు తీశాను.

ఆ పిల్ల చాలాసేపు చూసింది.

"గివి ఎవల బట్టలు కాకా?"

"పెద్ద గురువులయి బిడ్డా. మీ బాపు రాజు లెక్క లేడా?"

"మా బాపుకు ఒక్క అంగి లేకుండెనా?"

ఉండె. గృహప్రవేశానికి పని మీది నుంచే వచ్చాడు, అంగి నిండా సాంచా నూనె మరకలు. మా అత్తగారివాళ్లు చూస్తున్నారని, "అరే, గా అంగితోని ముందల నిలవడకు, ఎనుకకు పో" అన్నాను. నవ్వాడు. "మొఖమన్న పడనియ్యిరా" అంటూ వెనక్కి పోయాడు.

ఆమె అసలు ఫొటో చూపించమంది. చూపించాను.

"గంత ఎనుకకెందుకు నిలవడ్డడు?"

"పొడుగు మనిషి గద బిడ్డా. ముందలుంటే ఎనుకోళ్లు కనవడరని."

క్షమించమని అడగడానికి దొరికిన ఒక్క సందునూ అబద్ధంతో పూడ్చుకున్నాను. అతను పొట్టి. మునివేళ్ల మీద లేచాడు కాబట్టే ఆ మొహమైనా పడింది. ఆ సంగతి బిడ్డకు తెలియదా!

ఆమె ప్రింటు బల్ల మీదే వదిలేసి, "మంచిది కాకా" అని వెళ్లిపోయింది.