చింతపండుతో తోమిన పిస్తోలు

ఫ్రెంచివాళ్ల జెండా దిగి మన జెండా ఎగిరాక ఉప్పళంలో మా ఇంట్లో రెండేళ్లపాటు ఒకటే మాట నలిగింది: తాత పిస్తోలు ఇచ్చేయాలా, ఉంచుకోవాలా. మందు కూరి పేల్చే పాతకాలపు పిస్తోలు. అది పేలగా చూసినవాళ్లెవరూ ఇంట్లో లేరు. నల్లబడ్డ గొట్టం మీద సన్నటి బంగారు అక్షరాలుండేవి. ఉంచుకోవాలంటే కొత్త సర్కారు లైసెన్సు కావాలన్నారు. దానికోసం నాయన ఒక కచేరి నుంచి ఇంకో కచేరికి తిరిగి చెప్పులరగదీశాడు.

ఇచ్చేయమని అడిగింది ఊరు విడిచిపోతున్న ఒక ఫ్రెంచి దొర. పాత ఆయుధాలు కూడబెట్టే పిచ్చి ఆయనకి. బదులుగా తన భార్య కుట్టుమిషను ఇస్తానన్నాడు. అప్పటికి నేను పెళ్లయిన ఏడాదికే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరినదాన్ని. ముదలియార్‌పేట కొట్లవాళ్లకు చేత్తో రవికలు కుట్టి వేళ్లు కాయలు కాశాయి. ఆ మిషనొస్తే ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతకొచ్చని నా ఆశ. నాయనకా సంగతి తెలుసు. పొద్దున ఇచ్చేద్దామనేవాడు, సాయంత్రానికి తన తండ్రి చెయ్యి పడిన వస్తువనేవాడు. దొర కబురు పెట్టినప్పుడల్లా "రేపు చెప్తా" అనేవాడు. వినీ వినీ నాకు విసుక్కునే ఓపిక కూడా పోయింది.

చివరికి దొర ఓడెక్కే రోజు దగ్గరపడింది. మర్నాడు మిషనుతోనే వస్తానని కబురంపాడు. నాయన పిస్తోలు తెచ్చి నా ముందర పెట్టాడు.

"ఏంది పాపా, అట్ట నల్లగానే ఇచ్చేది? ఆయుధపూజకు తోమినట్టు బాగా తోమిపెట్టు."

ఏటా పూజకు కత్తిపీట, గడపార, తాళాలు తోమేది నేనే. పిస్తోలుకు మాత్రం నాయన బొట్టు పెట్టి ఊరుకునేవాడు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఆ రోజు చింతపండూ ఇటికపొడీ వేసి మధ్యాహ్నమంతా తోమాను. అంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు. అక్షరాలు పోవడం చూశాను గానీ, కొత్తదానిలా మెరుస్తోందని మురిసిపోయాను.

దొర వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని అక్షరాలుండిన చోట వేలితో తడిమాడు. ఆ నలుపూ ఆ అక్షరాలే దాని విలువట. తనకొచ్చిన అరవంలో నాయనతో మెల్లగా అన్నాడు.

"తుడవను కూడా వద్దని మీకు రెండుసార్లు చెప్పాను కదా."

నేను నాయన వైపు చూశాను. ఆయన వీధిలోకి చూస్తున్నాడు. దొర పిస్తోలును తిన్నె మీద పెట్టి, మిషనుతో వచ్చిన బండినే వెనక్కి తిప్పించాడు.

"పోనీలే పాపా, ఇంక యాడికీ పోదు," అన్నాడు నాయన.

తన నోటితో వద్దనలేక నా చేతులతో అనిపించాడు. వేళకు అన్నం పెట్టాను గానీ, చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు. లైసెన్సు రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

నాయన పోయాక పిస్తోలు నా పెట్టెలోకొచ్చింది. మొన్న పాత వస్తువులు కొనే ఒకాయన వచ్చాడు. అక్షరాలు లేకపోయినా పర్వాలేదు, ఇస్తారా అని అడిగాడు. కుట్టి కుట్టి నా చూపు మందగించింది, కళ్లకు ఆపరేషను చేయించుకోవాలి. తీసుకుపొమ్మని నోటిదాకా వచ్చింది.

రేపు చెప్తానన్నాను.