చలికి మొండికేసిన ఇంజను

ఈ ఉదయం మా వీధిలో కూరగాయలమ్మే ఆమె మోపెడ్ చలికి స్టార్టు కాక, పాపం, తొక్కి తొక్కి అలసిపోతుంటే, కిటికీలోంచి చూస్తున్న నాకు కుడిభుజం దానంతటదే సలిపింది. తాడు చుట్టి ఇంజను లాగిన మన తరంవాళ్లకే ఆ సలుపు తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, నాకు ఇరవై ఏళ్లప్పుడు, పులివెందుల పక్క పల్లెలో మా మేనత్తవాళ్లు తోలుసంచితో బావినీళ్లు తోడే కపిల ఎద్దులను అమ్మేసి, పెట్రోలుతో అంటుకుని కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజనును బావి మీద పెట్టించి, ప్రొద్దుటూరులో పేరుమోసిన మెకానిక్కునని నన్ను పిలిపించారు. ఆ పేరు మోసింది నేనే లెండి. ప్రొద్దుటూరు షెడ్డులో మూడు నెలలు నేను చేసిన పనల్లా ఉస్తాదు విప్పిన సామాన్లు కడిగిపెట్టడం.

ఆ మార్గశిరంలో బావినీళ్లు గడ్డకట్టాయని అందరికీ చెబుతుంటాను. కట్టలేదు, కాలివేళ్లు కొయ్యబారాయంతే. ఇంజను మొండికేసింది మాత్రం నిజం. ఎంత లాగినా ఒక్క దగ్గు దగ్గి ఊరుకునేది. కొత్తగా నాటిన తమలపాకు తీగలు, ఇంకా వేరూననివి, మొదటిరోజు తలలు వాల్చాయి, రెండోరోజు వడిలాయి. ఆ తోట తప్ప వేరే ఆధారం లేని మామ కడవలతో మోసి మోసి చేతులు బొబ్బలెక్కినా నాలుగు సాళ్లు కూడా తడపలేకపోయాడు. నేను ప్లగ్గు విప్పి గీకాను, గొట్టాలు ఊదాను, చివరికి దిష్టి తీసి నిమ్మకాయ కూడా కోయించాను.

"ఏందప్పా అల్లుడా, పొద్దుటూరంతా నీ చేతి మీదనే నడుస్తాందంటివే! ఈడ ఒక్క ఇంజను నడ్సదా?" అని మామ నవ్వబోయి, మళ్లీ కడవ ఎత్తుకున్నాడు. అంతా చలివల్లేనన్నాను.

మూడోరోజు పొద్దున, మామ కడవతో సాళ్లలో ఉండగా, వేడి చూపిస్తే కదులుతుందేమోనని పొయ్యిలోని నిప్పులు తెచ్చిన అత్త, వాటిని దూరంగా పెట్టి, ఇంజను కింద కారిన చుక్కను వేలికద్దుకుని మూచూసింది.

"పెట్రోలు వాసన యాడుండాదిరా అబ్బీ? ఇది దీపంలో పోసే కిరసనాయిలు గదా!"

ఇంజను ఆపేముందు కిరసనాయిలు కట్టేసి, ఒక బీడీ తాగేంతసేపు పెట్రోలు మీద నడిపి ఆపాలనేది ఉస్తాదు నియమం. లేకుంటే కార్బురేటరులో మిగిలిన కిరసనాయిలు చలిపొద్దున అంటుకోదు. పులివెందుల డేరాలో సినిమా మొదలైపోతుందని, ఇంజను మొండికేసిన ముందురోజు సాయంత్రం నేను ఆ బీడీసేపు ఆగలేదు.

కార్బురేటరు కడిగి, పెట్రోలు పోసి, ప్లగ్గును అత్త తెచ్చిన నిప్పుల్లో కాల్చి బిగించి లాగితే మొదటి లాగుకే పలికింది. మూడో లాగుకు లెండి. అప్పటికే సగానికి పైగా తీగలు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. మామ ఒక్కొక్కటే పట్టి చూస్తూ, "చలి సంపేసిందప్పా" అన్నాడు. అత్త నావైపు చూసి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను.

ఆ తర్వాత ప్రతి చలికాలం మామ పొద్దుగూకగానే ఇంట్లో ఉన్న ఒక్క కంబళినీ తీసుకెళ్లి, దూడకు కప్పినట్టు ఇంజనుకు కప్పి వచ్చి, తాను పంచె ముసుగేసుకుని ముడుచుకు పడుకునేవాడు. ఇప్పుడా బావులు పూడిపోయాయి, మీట నొక్కితే బోరు పోస్తుంది, ఇనుముకు చలేస్తుందని నమ్మే మనుషులూ లేరు. నేను ఒక్క మాట చెప్పివుంటే ఆ కంబళి ఆయన మీద ఉండేది.