గేటు బయట కుర్చీ

ఈ ఉదయం నల్ల ప్లాస్టిక్ సంచి మూతి బిగించి కడుతుంటే చేతికి మామిడి వాసన అంటింది. మా తోటలో ఆ సంచుల్లోకి వెళ్ళేవి రాలిన జామకాయలు. రోజూ ఏరి, సంచుల్లో నింపి, గాలి దూరకుండా కట్టి ఎండలో పడేస్తాం. లోపల పురుగు ఉంటే ఆ వేడికి చచ్చిపోతుంది. జామకాయ పులిసిన వాసన నాకు అలవాటే. మామిడి వాసన తగిలేసరికి మాధవరావు గారు గుర్తొచ్చారు. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆయనా మా నాన్నా భిలాయి స్టీల్ ప్లాంటులో ఒకే మిల్లులో పనిచేశారు. అందుకే బాబాయి అని పిలిచేదాన్ని. రిటైరయ్యాక నెహ్రూ నగర్ ఇంట్లో కూర్చోలేక, ఊరి బయట ఉతై దాటాక కొంత భూమి కొని జామ వేశారు. నేను వ్యవసాయం చదివి ఖాళీగా ఉన్నానని తెలిసి తోట చూసుకోమన్నారు. గొంతు పెంచే మనిషి కాదు. చెప్పిన మాట మార్చే మనిషీ కాదు.

ఆ చుట్టుపక్కల జామ రైతులంతా సంఘంగా కలిసి ఎగుమతి షెడ్డుకు కాయ పంపుతారు. షెడ్డుకు చేరిన ఏ ఒక్క తోట కాయలో పండు ఈగ పురుగు కనబడినా ఆ సీజనుకు సంఘం సరుకంతా ఆపేస్తామని షెడ్డువాళ్ళ షరతు. పండు ఈగ కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి కాయ నిక్షేపంగానే ఉంటుంది. పురుగు లోపల తిని పెరిగి, రాలిన కాయతో నేలకు దిగి, మట్టిలో చేరి, ఈగై లేస్తుంది. అందుకని రాలిన కాయ తోట దాటకూడదు, ఆవులకు పెట్టడానికైనా సరే. బయటి పండు లోపలికి రాకూడదు. మార్కెట్ నుంచి తిరిగొచ్చిన క్రేటు కడగనిదే గేటు దాటకూడదు. ఇవన్నీ అందరికీ ఉన్న నియమాలే. బాబాయి వీటికి ఒకటి చేర్చారు. మిల్లులో యంత్రంలోకి చెయ్యి పెట్టేవాడు ముందు కరెంటు ఆపి, స్విచ్చికి తన పేరున్న ఎర్ర ట్యాగ్ కడతాడు. కట్టినవాడు తప్ప ఇంకెవరూ, ఎంత పెద్ద ఆఫీసరైనా, దాన్ని విప్పకూడదు. తోటలో అనుమానం వస్తే గేటుకు అలాంటి ట్యాగే కట్టాలనీ, అది ఉన్నంతకాలం ఒక్క కాయా బయటికి పోకూడదనీ ఆయన పెట్టిన నియమం.

నిరుడు వేసవి చివర్లో ఆయన అక్క సత్యవతమ్మ గారు విజయనగరం నుంచి వచ్చారు. భిలాయిలో మా తెలుగువాళ్ళ ఇళ్ళకు ఏటా రైల్లో మామిడిపళ్ళ బుట్టలు వస్తాయి. ఊరి నుంచి వచ్చిన బుట్టను కాదంటే తెచ్చిన మనిషిని కాదన్నట్టే. ఆవిడ దుర్గ్‌లో దిగి, తమ్ముడి తోట చూడాలని నేరుగా ఆటోలో వచ్చేశారు. బాబాయి గేటు దగ్గరే ఆపారు.

"అప్పా, నువ్వు రా. బుట్ట రాకూడదు."

"ఏట్రా?"

"బయటి పండు లోపలికి తేకూడదు. రూలు."

"దారంతా ఒళ్ళో ఎట్టుకుని వచ్చేన్రా. మన పెరట్లో పండు బయటిదైపోయిందేటి? అయితే నేనూ బయటిదాన్నే. బాబూ, ఆటో తిప్పు."

ఆటో అతనికి తెలుగు రాదు. నావైపు చూశాడు. బాబాయి లోపలికి వెళ్ళి రెండు కుర్చీలు, కత్తి, ఒక నల్ల సంచి తెచ్చి రోడ్డు పక్కన పెట్టారు. ఆవిడ చాలాసేపు ఆటో దిగలేదు. దిగాక, తొక్క పారెయ్యడానికి కూడా పర్మిషన్ కావాలా అని అడిగారు. సంచిలో వెయ్యమన్నారు ఈయన. ఎండలో కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతుంటే ఇద్దరూ తిన్నారు. నాకూ పెట్టారు, ఆటో అతనికీ పెట్టారు. తిన్నాక చేతులు కడుక్కుని ఆవిడ లోపలికి వచ్చారు. మిగిలిన పళ్ళు ఆటోలోనే నెహ్రూ నగర్ వెళ్ళాయి.

వానాకాలం కోతప్పుడు మా కాయలోనే పురుగు దొరికింది. సంఘం లారీ రోడ్డు మీద ఉంది, మా క్రేట్లు సగం ఎక్కాయి. మచ్చుకు నేను కోసిన కాయలో తెల్లగా కదిలింది. బాబాయికి చూపించాను. పక్క తోట సాహూ భయ్యా సంఘానికి పెద్ద. బాగున్నవి ఏరి పంపమన్నాడు, లారీ సగం ఖాళీగా వెళితే షెడ్డువాళ్ళకు అనుమానం వస్తుందన్నాడు. ఇదంతా దీదీ మామిడిపళ్ళ పుణ్యమేనని కూడా అన్నాడు.

బాబాయి హిందీలోనే జవాబిచ్చారు. "వానాకాలం ఈగకి మా అక్క రైలు టికెట్టు కొనక్కర్లేదు భయ్యా. మిల్లులో ముందు లైను ఆపుతాం. ఎవరివల్లన్నది తర్వాత."

క్రేట్లు దింపించి, గేటుకు తన ట్యాగ్ కట్టి, షెడ్డుకు తనే ఫోన్ చేసి చెప్పారు. పురుగు షెడ్డు దాకా రాకముందే చెప్పినందుకు వాళ్ళు మిగతా తోటల కాయ కోసి చూసి తీసుకున్నారు. మా కోత మొత్తం సంచుల్లోకి వెళ్ళింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరారు. తోటలో తర్వాతి కాయ కోతకు వచ్చింది. మగ ఈగల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టల్లో ఈగలు పడటం లేదు, కోసిన కాయలన్నీ శుభ్రంగా ఉన్నాయి. గేటుకు మాత్రం ఆయన పేరు వేలాడుతోంది. ఇంకా ఆగితే కాయ మగ్గి రాలుతుంది, ఆ వాసనకు ఈగ వస్తుంది, పక్క తోటలకూ ప్రమాదం. అట్టముక్కే కదా, విప్పెయ్ బేటీ అన్నాడు సాహూ భయ్యా. నేను ఆసుపత్రికి వెళ్ళాను.

"కాయ కోసి చూసేవా?" అన్నారు బాబాయి.

"రోజూ చూస్తున్నాను. పురుగు లేదు."

"షిఫ్టు మారినప్పుడు ఏటి చేస్తాం? వచ్చినవాడు తన ట్యాగ్ కట్టేకే వెళ్ళేవాడిది తియ్యాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు. ముందు నీది కట్టు. తర్వాత నాది విప్పు. విప్పమని నేనే చెప్పేనని సాహూకి చెప్పు."

"నాకు ట్యాగ్ లేదు బాబాయ్."

"రాసుకో. పేరు పెద్దగా రాయి. అడగాల్సినవాళ్ళు నిన్నే అడగాలి."

అలాగే చేశాను. నా పేరు కట్టాక, అంతకుముందు చూసిన వరసలన్నీ మళ్ళీ మొదటినుంచి చూశాను. నా ట్యాగ్ విప్పేనాటికి ఆయన లేరు. లారీ వెళ్ళింది, షెడ్డువాళ్ళు కాయ తీసుకున్నారు. ఆ సంగతి చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాను.

నిన్న గేటు దగ్గర ఆటో ఆగింది. సత్యవతమ్మ గారు దిగి, బుట్టతో బయటే నిలబడ్డారు.

"కుర్చీ తేవే. కత్తి కూడా. సంచి నేనే తెచ్చుకున్నాను."

రెండు కుర్చీలు వేశాను. ఇద్దరం తిన్నాం. టెంక సంచిలో వేస్తూ ఆవిడ తల ఎత్తకుండా అడిగారు. "నిజం చెప్పు. ఆ పురుగు నా పళ్ళవల్లేనా?"

నాకు తెలియదన్నాను. ఆవిడ పళ్ళు గేటు దాటలేదన్నాను. ఆ రోజు బాబాయి సాహూ భయ్యాతో అన్న టికెట్టు మాట చెప్పాను. ఆవిడ నవ్వారు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకున్నారు. వెళ్ళేముందు ఆయన ట్యాగ్ అడిగితే ఇచ్చేశాను.

నాది గేటు పక్కన మేకుకు వేలాడుతోంది. వానలు దగ్గరకొచ్చాయి. నిన్నటి మామిడి టెంకలున్న సంచి గేటు బయటే ఎండలో పెట్టి, మచ్చుకు కాయలు కోయడానికి మొదటి వరసలోకి వెళ్ళాను.