తప్పు చూపించిన ఫోను

మా వీధి చివర రెండు మెట్లెక్కితే ఒక చిన్న గది. అందులో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద సూదుల డబ్బా, గోడకు ఆనించి ఎత్తు తక్కువ కుర్చీ. అక్కడ కూర్చుని ఇరవై ఆరేళ్లుగా పని చేస్తున్న మనిషిని పిల్లలూ పెద్దలూ అందరూ రఫ్ఫు అక్క అనే పిలుస్తారు. చిరిగిన బట్టకు అతుకు వేయడం కాదు ఆమె పని. ఆ బట్ట లోపలి మడతల్లోంచే దారాలు ఒక్కొక్కటీ లాగి, చిరిగిన చోట పడుగు పరిచి, అడ్డంగా పేక అల్లి, ఆ కాస్త జాగాలో బట్టను మళ్లీ నేస్తుంది. సూది పట్టే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంది. అది ఎవరికీ చెప్పదు. పెదవులు కదలడం మాత్రం మనకు కనిపిస్తుంది.

ఆమెకో అలవాటుంది. బట్ట తిరిగి ఇచ్చేటప్పుడు చిరుగు ఎక్కడుండేదో తను చూపించదు. "మీరే వెతకండి" అని కుర్చీలో వెనక్కి వాలుతుంది. కనిపెట్టినవాళ్ల దగ్గర కూలి తీసుకోదు. ఇన్నేళ్లలో కనిపెట్టింది ఇద్దరే. ఒకరు ముసలి దర్జీ. రెండోవారు ఆమె మొగుడు, అదీ చిరిగింది తన చొక్కానే కాబట్టి.

అలాంటి అక్కకు పోయినేడు కుడికంట్లో చూపు మధ్యలో మసక మరకలాంటిది మొదలైంది. పక్కన ఉన్నవన్నీ కనిపిస్తాయి, సూటిగా చూసిందే కనిపించదు. ఎడమ కన్ను మొదటినుంచీ బలహీనమే. కళ్లద్దాలు మార్చారు, భూతద్దం కొన్నారు. భూతద్దం పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, ఆమె పనికి రెండు చేతులూ కావాలి. కంటి డాక్టరు ఉన్న చూపు నిలబెడతానన్నాడు గానీ, పోయింది తెస్తాననలేదు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నర్సమ్మ ఒక బూడిద రంగు ఉన్ని కోటు తెచ్చింది. అది చనిపోయిన తన భర్తది. ఆయన వడ్రంగి. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లేటప్పుడు నర్సమ్మ ఆ కోటే వేసుకుని వెళ్తుంది, చేతులు మడిచి, భుజాలు జారుతున్నా సరే. గుండె జేబు పక్కన పురుగు కొట్టి రెండు కంతలు పడ్డాయి. "మీ చేతిలో పెట్టాను, ఇంక నాకు దిగుల్లేదు" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట అక్క గుండెలో రాయిలా పడింది.

మూడు వారాలు ఆ కోటుతో కుస్తీ పట్టింది. మొదటి కంతను సగం చూపుతో, సగం వేలి కొసలతో పూడ్చింది. తడిమి చూస్తే నున్నగా ఉంది. రెండోది మాత్రం లొంగలేదు. ఒకరోజు కోటు మడిచి పెట్టేసి మొగుడితో చెప్పింది: "ఇది చెయ్యలేకపోతే గోడ మీది రఫ్ఫు బోర్డు దించేద్దామండీ. ఒకరి బట్ట పాడు చేసి పేరు పోగొట్టుకోవడం కంటే అదే మర్యాద."

మొగుడు బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. మర్నాడు కంట్లో మందు వేయించడానికి తీసుకెళ్లినప్పుడు, మందు వేసే అమ్మాయితో ఈ సంగతంతా చెప్పాడు. ఆ అమ్మాయి తన పని ఆపి మరీ ఒక ఉపాయం చెప్పింది. ఈ మధ్య వచ్చే పెద్ద ఫోన్ల కెమెరాలు వేలెడు దూరం నుంచి కూడా చూడగలవు. ఫోన్‌ను ఒక స్టాండుకు బిగించి కింద బట్ట పెట్టుకుంటే తెర మీద అంతా పెద్దగా కనిపిస్తుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, చూపు మిగిలిన పక్కతో ఆ తెరను చూసుకోవచ్చు. మామూలు ఫోన్లు చాలవు, అన్నిటికంటే మంచివే కావాలంది. తన పేరు కూడా చెప్పకుండా తరవాతి మనిషిని పిలిచింది. ఇలాంటివాళ్లు దారిలో ఎదురవుతూనే ఉంటారు. మనమే గుర్తు పెట్టుకోం.

అక్కడినుంచి ఇంట్లో యుద్ధం మొదలైంది. అక్క తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. ఊళ్లో ఏ కొత్త ఫోను వచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలడు. అందరికంటే పైన ఉన్నవి రెండే ఉన్నాయనీ, ఒకటి తెల్లది, ఒకటి నల్లదనీ, కళ్లు మూసుకుని తెల్లది కొనాలనీ అతని తీర్పు. బస్సు డ్రైవరుకు తన డిపోలో ఎవరో నల్లదాని గురించి చెప్పారు. ఇక బావా బావమరుదులు రెండు పార్టీలయ్యారు. ఏది కొన్నా చెరిసగం వేసుకుందామని మాత్రం మొదటిరోజే ఒప్పుకున్నారు. ఆ మాట ఎత్తితే అక్క వద్దంటుందని ఇద్దరూ ఆమెకు చెప్పలేదు.

ఆదివారం ముగ్గురూ ఫోన్ల దుకాణానికి వెళ్లారు. అక్క సంచిలో కోటు పెట్టుకుంది. చెప్పుడు మాటల మీద కాక, బట్ట మీదే తేల్చుకోవాలని ఆమె పట్టు.

దుకాణంలో కౌంటరు అమ్మాయి రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టింది. తమ్ముడు ఊరుకుంటాడా, ముందుగా తెల్లదాంతో బావను ఒక ఫొటో తీశాడు. ముగ్గురూ వంగి చూశారు. నుదుటి మీద గీతలు లేవు, కళ్ల కింద నలుపు లేదు. డ్రైవరు తన మొహాన్ని తనే కాసేపు చూసుకున్నాడు.

"అక్కా, చూశావా? పెళ్లిచూపులకొచ్చినప్పటి బావ దొరికాడు."

"అప్పుడు వచ్చింది నేను కాదేమోరా, మా తమ్ముణ్ణి పంపినట్టున్నారు" అన్నాడు బావ.

కౌంటరు అమ్మాయికి కూడా నవ్వాగలేదు. నవ్వుతూనే ఒక స్టూలు తెచ్చి అక్కకు వేసింది. ఫోన్లు బల్లకు తీగతో కట్టి ఉన్నాయి. లోపలి దీపాల వెలుగులో బట్ట రంగు సరిగ్గా తెలియడం లేదని అక్క అంటే, ఆ అమ్మాయి మేనేజరును అడిగి తీగలు విప్పించి, రెండింటినీ గుమ్మం దగ్గరి ఎండలోకి తెచ్చింది. వెనక జనం ఆగి ఉన్నా ఆమె మొహంలో విసుగన్నది లేదు.

అక్క కోటు తీసి, తను పూడ్చిన మొదటి కంత ఉన్న చోటును తెల్ల ఫోను కింద పరిచింది. అమ్మాయి నొక్కింది. బొమ్మ రెప్పపాటు మసగ్గా ఉండి, తరవాత తనంతట తనే తేటపడింది.

సన్నటి ఉన్ని దారాలు మోకుల్లా కనిపిస్తున్నాయి. ఒక్కొక్క మోకులో వంద పోగుల మెలిక. ఆ నేత ఏటవాలుది. గీతలన్నీ కింద ఎడమనుంచి పైన కుడికి, దున్నిన చేను చాళ్లలా, ఒక్కటీ తప్పకుండా సాగిపోతున్నాయి. ఇరవై ఆరేళ్లు వేళ్లతో ఎరిగినదాన్ని ఆమె ఇప్పుడే కళ్లతో చూసింది. కంత ఎక్కడుండేదో ఆమెకే తెలియలేదు.

"దేవుడా, ఇంత ఉందా ఇందులో" అంది మెల్లగా. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తమ్ముడు బావ వైపు చూసి కనుబొమలెగరేశాడు.

డ్రైవరు నల్ల ఫోను ముందుకు జరిపాడు. అదే చోటు, అదే ఎండ. ఈసారి వచ్చిన బొమ్మ అంత మెరుపుగా లేదు. దారాల మధ్య అక్కడక్కడా పసుప్పచ్చటి నలకలు ఉన్నాయి. కౌంటరు అమ్మాయి నొచ్చుకుని కెమెరా అద్దం తుడిచి మళ్లీ తీసింది. నలకలు అక్కడే ఉన్నాయి. మూడోసారీ తుడిచింది. పోలేదు.

అక్క నలకలను చూడటం లేదు. తల పక్కకు వంచి, తన చూపు మిగిలిన పక్కతో, బొమ్మ మధ్యలోకే చూస్తోంది. చాళ్లన్నీ కుడికి వాలి వస్తూ, మధ్యలో గోరంత జాగాలో మాత్రం ఎడమకు వాలాయి. నాలుగు వరసలు. తరవాత మళ్లీ కుడికి.

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు.

ఆమె జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, ఆ చోట దాని మొనను ఒక్కొక్క దారం మీద ఎక్కించి దించుతూ పోయింది. రెండు దారాల పైనుంచి, రెండింటి కిందనుంచి. వరస వరసకూ ఆ అడుగు ఎటు జరుగుతోందో సూది చెప్పింది. నల్ల ఫోను చూపించినట్టే ఉంది.

రఫ్ఫు ఎప్పుడూ బట్ట తిరగేసి చేస్తారు. వెనకనుంచి చూస్తే ఏటవాలు గీత అటుదిటు కనిపిస్తుంది. చేసేవాళ్లు దాన్ని మనసులో తిప్పుకుంటూ అల్లాలి. ఆ రోజు వెలుగు కోసం ఆమె మధ్యలో కోటును తిప్పుకుంది. ఏది ముందో ఏది వెనకో మరిచిపోయి, మంచివైపు మీదే వెనక లెక్కన నాలుగు వరసలు అల్లింది. వేలికి తెలియని తప్పు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి నెలలో చేసే తప్పు.

తమ్ముడు రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశాడు. తెల్లదాంట్లో ఆ వరసలు ఎలా సరిగ్గా వచ్చాయని కౌంటరు అమ్మాయిని అడిగాడు. ఆమె కాస్త తటపటాయించి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ఫోను బొమ్మ తీశాక లోపల తనే సరిచేస్తుందట. నలకలుంటే తీసేస్తుందట. గీత ఒకచోట తప్పితే, చుట్టుపక్కల గీతలను చూసి అలాగే కలిపేస్తుందట.

అక్క ఆ తెల్ల ఫోనును రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది.

"అయితే ఇదీ రఫ్ఫు చేస్తుందన్నమాట. రెప్పపాటులో. నాకు మూడు రోజుల పని."

"అందుకే కదక్కా కొనమంది."

"దీనికి దండం పెడతాన్రా. ఇంత పనితనం నేనెక్కడా చూళ్లేదు. కానీ ఇది బొమ్మకు చేస్తుంది, కోటుకు చెయ్యదు. కోటుకు నేనే చెయ్యాలి. నా తప్పు నాకు కనబడనివ్వకపోతే నేనెలా విప్పేది?"

డ్రైవరు గెలిచినట్టు ఒక్క మాటా అనలేదు. బావమరిది భుజం మీద చెయ్యి వేసి, "స్టాండు మాత్రం నువ్వు చెప్పిందే కొందాం, నాకు వాటి సంగతి తెలీదు" అన్నాడు. అంత చిన్న మాటతో ఇల్లు ఎన్ని సార్లు నిలబడుతుందో.

నల్ల ఫోను అక్క బల్ల మీదికి వచ్చింది. తమ్ముడు పాత ఫ్రిజ్ లోపలి అరల తీగలు వంచి స్టాండుకు ఇంకో చెయ్యి అమర్చి, వణక్కుండా బిగించాడు. మొదటిరోజు అక్క ఆ నాలుగు వరసలూ విప్పేసింది. తెర మీద చూస్తూ కింద చేతులు కదపడం అలవాటయ్యేలోపు సూది ఎన్నిసార్లు వేలిలో దిగిందో. సూది కదిలాక ఒక లిప్త తరవాత తెర మీద కదిలేది. ఆ లిప్త ఆగడం నేర్చుకుంది.

రెండో కంతకు దారాలు కావాలి. కోటు అంచు లోపలి మడత విప్పి ఫోను కింద పెట్టింది. పెట్టి, చేతులు తీసేసి, అలా చూస్తూ ఉండిపోయింది.

మడత నిండా ఆ పసుప్పచ్చటి నలకలే. దుకాణంలో అద్దం మీది దుమ్మనుకున్నవి. పెద్దగా చేసి చూస్తే ఒక్కొక్కటీ బంగారు రేకులా ఉంది, సన్నటి చారలతో, చుట్టలు చుట్టుకుని, బూడిద రంగు మోకుల మధ్య ఇరుక్కుని. కిటికీ ఎండ పడి లోపలినుంచి వెలుగుతున్నట్టున్నాయి. అక్క మొగుణ్ణి పిలిచింది. డ్రైవరు వంగి చాలాసేపు చూశాడు.

"కర్ర పొట్టు కదా ఇది" అన్నాడు చివరికి.

వడ్రంగి పోయి నాలుగేళ్లు. ఉన్ని కోటని నర్సమ్మ ఒక్కసారీ నీళ్లలో తడపలేదు. పైపైన దులిపితే పోయేది పోయింది. ఆయన రంపం కోసిన చెక్కల పొడి నేత లోపలికి దిగి, మడతల్లో చేరి, అలాగే ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ కనబడకుండా ఆమెతోపాటు డ్యూటీకి వెళ్లి వస్తోంది. దేవుడు ఎంత చిన్నవాటిని ఎంత భద్రంగా దాస్తాడో అనిపించి, అక్క ఆ పూట ఇంక సూది పట్టలేకపోయింది.

రఫ్ఫుకు ముందు బట్టను బ్రష్షుతో దులపడం ఆమె పద్ధతి. ఈ కోటుకు దులపలేదు. దారం లాగినప్పుడు రాలిన పొట్టును కూడా వేలి కొసతో అద్ది మళ్లీ మడతలోనే పెట్టింది. పని ఎనిమిది రోజులు పట్టింది.

నర్సమ్మ శుక్రవారం డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. అక్క కోటు ఆమె చేతిలో పెట్టి, మామూలుగానే వెనక్కి వాలి, "మీరే వెతకండి" అంది. నర్సమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి జేబు పక్కన వేళ్లతో తడిమింది, ఎండకు పట్టి చూసింది, తిరగేసి చూసింది. రోజూ సన్నటి నరాలు వెతికి సూది గుచ్చే మనిషి.

"లేదమ్మా. నాకు దొరకలేదు."

అక్క కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. బోర్డు గోడ మీదే ఉంటుంది.

తరవాత ఎప్పుడూ చేయని పని ఒకటి చేసింది. కోటు మళ్లీ అడిగి తీసుకుని, అంచు మడతను ఫోను కింద పెట్టి, నర్సమ్మను తన కుర్చీలో కూర్చోబెట్టింది. నర్సమ్మ మొదట నేతను చూసి అబ్బురపడింది. తరవాత ఆ రేకులు కనబడ్డాయి. ఇంకా దగ్గరికి వంగింది.

"ఇది ఆయన..." అని ఆగిపోయింది.

"నేను దులపలేదమ్మా" అంది అక్క.

నర్సమ్మ లేచి కోటు తొడుక్కుంది, చేతులు మడుచుకుంది. మెట్లు దిగుతూ, కోటు వేసుకున్నప్పుడల్లా చేసే అలవాటు కొద్దీ, భుజం దులుపుకోవడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆపేసి, మెల్లగా ఆ భుజం మీద ఆనించి, అలాగే నడుచుకుంటూ వెళ్లింది.