నా చేతికి సరిపడే పిడి

న్యూజెర్సీలోని ఆస్పత్రిలో నేను చేరింది డెబ్బైల చివర్లో. పేగుల్లోకి గొట్టం పంపి జబ్బు చూసే ఎండోస్కోపీ నా పని. గొట్టం పిడిని ఎడమచేత్తో పట్టుకుని, దాని మీది చక్రాన్ని బొటనవేలితో తిప్పుతూ, పైనున్న అద్దానికి కన్ను ఆనించి చూడాలి. ఆ పిడిని ఎవరి చెయ్యి కొలిచి చేశారో గానీ, నాది మాత్రం కాదు. అన్నిటికన్నా చిన్న గ్లవుజులే నాకు వదులు. చక్రం అందాలంటే వేలిని సాగదీయాల్సిందే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగదీసేదాన్ని.

బొటనవేలు నొప్పిగా ఉందంటే, మా సీనియర్ డాక్టరు "అలవాటైపోతుంది" అనేవాడు. ఆయనకేం, ఆరడుగుల మనిషి.

ఇంట్లో మావారితో చెప్పాను. "కంప్లైంట్ చేస్తే, ఆడలేక మద్దెల ఓడు అంటారు నిన్ను" అన్నారు.

"మద్దెల నిజంగానే ఓడైతేనో?"

నవ్వేశారు. నాకు ఒళ్ళు మండింది.

పరికరాలమ్మే కంపెనీ మనిషిని చిన్న పిడి చేయించమని అడిగాను. "ఇలా అడిగింది మీరొక్కరే డాక్టర్" అన్నాడు మర్యాదగా. నిజమే, అక్కడ ఆ పని చేసే ఆడదాన్ని నేనొక్కదాన్నే. అయినా వదల్లేదు. నా చేతిని కాగితం మీద పెట్టి, చుట్టూ గీసి ఇచ్చాను.

ఒకరోజు స్కూల్ బస్సుకి టైమవుతుంటే మా అమ్మాయికి జడ వేస్తున్నాను. "అమ్మా, లూజ్‌గా ఉంది. టైట్‌గా వెయ్యి, ప్లీజ్" అంది. ఎంత బిగించినా పాయ వేళ్ళలోంచి జారిపోతోంది. అప్పుడు భయం వేసింది. జడ సంగతి సరే, ఈ చేత్తో రేపు గొట్టం పట్టుకోగలనా?

బొటనవేలికి ఆపరేషన్ చేయించుకున్నా బలం తిరిగి రాలేదు. నన్ను మందులు రాసే గదిలో కూర్చోబెట్టారు. ఎండోస్కోపీ గది ముందు నుంచి నడవలేక చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. ఎంతో ఇష్టపడి నేర్చుకున్న పని.

ఎనభైలు సగం దాటాక, కంపెనీ మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పెట్టె తెరిచి కొత్త పిడి తీశాడు.

"మీరు గీసిచ్చిన చెయ్యే డాక్టర్. ముందు మీకే చూపించాలనుకున్నాను."

పట్టుకున్నాను. అరచేతిలో హాయిగా ఇమిడింది. చక్రం సరిగ్గా వేలి కిందికి వచ్చింది. తిప్పబోయాను. తిప్పలేకపోయాను.

"సైజు ఎలా ఉంది?" అని ఆత్రంగా అడిగాడు.

సరిగ్గా సరిపోయిందని చెప్పాను.