బోరు గొట్టంలోని గొంతు

ఆ రోజుల్లో నన్ను తిట్టడానికి బయటివాళ్ళెవరూ అక్కర్లేదు, ఆ పనంతా నేనే చూసుకునేదాన్ని. పొద్దున అద్దం ముందు జడ వేసుకుంటూ మొదలుపెడితే రాత్రి దుప్పటి కప్పుకునేదాకా సాగేది. పాలు పొంగితే "నీ మొకానికి పాలు కాగబెట్టుడు గూడ రాదు" అని, పొంగకపోతే "ఇయ్యాల పొంగలే గని రేపు పొంగిస్తవు తియ్" అని. (మా అమ్మ ఒకసారి "నేను తిడదామంటే నాకు సందే ఇయ్యవు గదనే" అని వాపోయింది.) తిట్టుకోవడంతో ఆగినా బాగుండేది. ఏదైనా మంచి జరగబోతోందంటే, అది చెడిపోతుందేమోనన్న బెంగతో నేనే ముందుగా వెళ్ళి చెడగొట్టి వచ్చేదాన్ని. చెడేది ఎలాగూ చెడుతుంది, మన చేత్తో చెడితే పరువైనా దక్కుతుందని నా తెలివి!

మా బాపు బొగ్గు గనిలో పనికి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం నాకొచ్చింది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివినా, కొత్తగా చేరినవాళ్ళందరిలాగే నన్నూ జనరల్ మజ్దూర్‌గానే, అంటే చెప్పిన పనల్లా చేసే కూలీగానే, పెట్టుకుని గని నీళ్ళ పంపు దగ్గర వేశారు. కొన్నాళ్ళకు ఐటీఐ ఉన్నవాళ్ళకు ఎలక్ట్రీషియన్ ట్రైనీ పరీక్ష పెట్టారు. గేటుదాకా వెళ్ళి, కడుపునొప్పని వెనక్కి వచ్చేశాను. నొప్పి వచ్చిన మాట నిజమే, ఇంటిదారి పట్టగానే తగ్గిన మాటా నిజమే. ఇప్పుడు రెండోసారి పిలుపొచ్చింది. ఈసారి కూడా రాకపోతే మళ్ళీ ఎప్పుడు పెడతామో చెప్పలేమని ఆఫీసులో తేల్చేశారు. అంటే ఇది పోతే బతుకంతా పంపు పక్కన కూర్చుని వాల్వులు తిప్పుకోవడమే.

ఆ పంపు గది సంగతి చెప్పాలి. గోదావరిఖని బస్తీ దాటాక, తుమ్మచెట్ల నడుమ ఒంటరిగా ఉండేది. కింద బొగ్గు తీసేసిన జాగా కాబట్టి చుట్టూ నేల అక్కడక్కడా కుంగి గుంటలు పడింది. గోడకు ఒక బీట. ఆ బీట నేను చేరిన రోజు కంటే పెద్దదైందని నాకు గట్టి అనుమానం. పట్టపగలు కూడా పిట్ట అరిచేది కాదు. దూరంగా ఫ్యాన్ హౌస్, గని లోపలి గాలిని బయటికి లాగుతూ, ఒకటే మూలుగు. అన్నిటికంటే వింతైంది గది మూలన నేలలోంచి మోకాలెత్తు పొడుచుకొచ్చిన ఇనుప గొట్టం. ఒకప్పుడు గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి ఆ బోరు గొట్టంలోంచి గనిలోకి పంపి, బొగ్గు తీసిన ఖాళీలను నింపేవారట. ఆ పని ఎప్పుడో ఆగిపోయింది, గొట్టం మాత్రం మూతలేకుండా మిగిలింది. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే వెలుగు కాస్త దూరం దిగి ఆగిపోయేది. అరచెయ్యి అడ్డం పెడితే, కింద ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు చేతిని లోపలికి లాగేది. నేను మాత్రం ఎండాకాలం చల్లగా ఉంటుందని దానికే వీపు ఆనించి కూర్చునేదాన్ని.

పరీక్ష దగ్గరపడింది. ఆ మధ్యాహ్నం అలాగే కూర్చుని నన్ను నేను దంచుతున్నాను. "నీ మొకానికి ఎలక్ట్రీషియనా? ఫ్యూజు కట్టుమంటే వాడకట్టంత చీకటి జేసినవు. నీతోని కాదు. పరీక్షదాక పోయి ఇజ్జత్ తీసుకునుడు ఎందుకు, ఇంట్ల పండు." నా గొంతు గొట్టంలోకి దిగి గింగిర్లు తిరగడం నాకూ వినిపించింది. కింద ఎక్కడో ఇనుము పడ్డ చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, నా వీపు వెనకనుంచే, బొంగురు గొంతు.

"ఎవ్వలమ్మా?"

వెనక్కి తిరిగాను. గదిలో నేనూ పంపూ తప్ప ఎవరూ లేరు.

"ఎవ్వలిని తిడుతున్నవ్ బిడ్డా? గట్ల తిట్టరాదు."

టిఫిన్ డబ్బా, చెప్పులు, కంపెనీ ఇచ్చిన హెల్మెట్ అన్నీ అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఫ్యాన్ హౌస్ దగ్గర కానీ కాళ్ళు ఆగలేదు. అక్కడి ఆపరేటర్‌ను అందరూ ఫ్యాన్ అన్న అంటారు. ఆయన మీటర్ల మీదినుంచి చూపు తిప్పలేదు.

"అన్నా, గొట్టం మాట్లాడుతున్నదే!"

"మాట్లాడనీ. తిడుతున్నదా?"

"లేదు. తిట్టద్దు అంటున్నది."

"మరి నీకేం కష్టమైంది చెల్లె? మా ఇంట్ల నాకు గట్ల చెప్పేటోళ్ళు ఒక్కలు గూడ లేరు." అని నవ్వాడు. నా ముఖం చూశాక నవ్వు ఆపి, "కింద బొగ్గు తీసేసిన పాత పని ఉన్నది, మనుషులు తిరుగరు. నువ్వు నీళ్ళు తాగు ముందు" అన్నాడు. మనుషులు తిరగరన్న మాట ఆయన నా ధైర్యానికి చెప్పాడు గానీ, నాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

మర్నాడు డ్యూటీకి వెళ్ళక తప్పదు కదా. గొట్టానికి ఎంత దూరంగా కూర్చోవచ్చో అంత దూరంగా, ఒక కాలు గుమ్మం బయట పెట్టి కూర్చున్నాను. గొంతు రాలేదు. రాకపోవడం వచ్చినదానికంటే ఎక్కువ భయపెట్టింది. దగ్గరగా ఉందా, వెళ్ళిపోయిందా, నా వెనకే ఉందా? మధ్యాహ్నానికి ఇక తట్టుకోలేక నేనే గొట్టం దగ్గరికి పాకి, "ఉన్నవా?" అన్నాను. (నవ్వకండి. మీరైతే ఏమనేవారో!)

"నేనేడికి పోత బిడ్డా, ఈడనే ఉంట."

లేచి పరుగెత్తబోయి, మళ్ళీ అక్కడే కూర్చున్నాను. అది కసిరే గొంతు కాదు. డ్యూటీ దిగివచ్చి, కాళ్ళు కడుక్కుని, నులక మంచం మీద కూర్చున్న మనిషి గొంతు.

"పరీక్షకు పోతవా?" అని అడిగింది.

"పోను. నాతోని కాదు."

"ఎవ్వలన్నరు?"

"నేనే అన్న."

"నీకు చెల్లె ఉన్నదా?"

"ఉన్నది."

"గా పిల్ల పరీక్షకు పోతాంటే గూడ గిట్లనే అంటవా, నీ మొకానికి, నీతోని కాదు అని?"

"ఛీ, దాన్ని ఎందుకంట?"

"మరి నీ మీద నీకు గింత పగ ఏందే?"

తిట్లలో పుట్టి పెరిగిన నోరు అది, జీవితంలో మొదటిసారి మూతపడింది. ఏడుపొచ్చింది. గొట్టం మీద తల పెట్టుకుని, లోపలికి లాగుతున్న ఆ గాలిలోకే వెక్కివెక్కి ఏడ్చాను. "ఏడువు. ఏడ్చినంక అన్నం తిను" అంది గొంతు. ఆ తర్వాత మరి మాట్లాడలేదు. అన్నం తిన్నాను. చారు చల్లారిపోయినా ఆ రోజు రుచిగానే ఉంది.

పరీక్షకు ముందురోజు ఫ్యాన్ అన్న డబ్బాలో కోడికూర పట్టుకొచ్చాడు. "తిను చెల్లె. గని మైసమ్మ తల్లికి కోసిండ్రు. పాత పనిల పైపులు తీస్తానికి ఒక గ్యాంగును పంపిండ్రట, నాకు గూడ ఎర్కలే. ఆడ ఆడదయ్యం గొంతు ఇనవడ్డదట. నీ మొకానికి, నీతోని కాదు అని ఒకటే తిట్లట. ఒకాయనకు జ్వరం బట్టి డ్యూటీకే వస్తలేడు."

నోట్లో ముక్క అలాగే ఆగిపోయింది. ఆ ఆడదయ్యం నేనే. నా శాంతికి కోసిన కోడిలో కాలు ముక్క నాకే వచ్చింది! కడుపుబ్బ నవ్వాను. ఫ్యాన్ అన్న నన్ను చూసి, దయ్యం నాకే పట్టిందనుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. నవ్వు తగ్గాక మనసు నిమ్మళమైంది. ఆ గొంతు ఆ గ్యాంగులో ఎవరిదో అయ్యుంటుంది. దయ్యమనుకుని కూడా దాన్ని ఓదార్చిన ఆ మహానుభావుడికి పరీక్ష అయ్యాక దండం పెట్టాలనుకున్నాను.

పరీక్ష రోజు గేటు దగ్గర కడుపునొప్పి వేళకు వచ్చేసింది. వెనకాలే నోరు కూడా "నీ మొకానికి" అని లంకించుకుంది. అక్కడే ఆపి, పైకే అన్నాను: "భయమైతుందా బిడ్డా? కానీ. భయంతోనే పోదాం పా." గేటు దగ్గరి వాచ్‌మన్ నాతో ఇంకెవరొచ్చారా అని వెనక్కి తొంగి చూశాడు. లోపల పరీక్ష పెట్టే సారు మోటారుకు కనెక్షన్ ఇమ్మన్నాడు. ఇచ్చాను. స్విచ్చి వేస్తే మోటారు ఎదురు తిరిగింది. పాత నేనైతే స్క్రూడ్రైవర్ అక్కడే పడేసి ఇంటికి వచ్చేదాన్ని. ఈసారి స్క్రూడ్రైవర్ వదలకుండానే, "సార్, రెండు తీగలు తారుమారైనయి. మళ్ళ కలుపుత" అన్నాను. "కలుపమ్మా, ఎవ్వలు వద్దన్నరు?" అన్నాడాయన. కలిపాను. సరిగ్గా తిరిగింది.

ట్రైనీ ఆర్డరు వచ్చాక స్వీట్ల డబ్బా కొని, ఆ గ్యాంగుకు పెద్ద అయిన సర్దార్ కాకను గని పైన పట్టుకున్నాను. ముందు లడ్డు చేతిలో పెట్టి, ఆ తిట్లు నావేనని చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు. "మరి గొట్టం కిందినుంచి నాతోని మాట్లాడింది నువ్వేనా కాకా?" అన్నాను.

కాక నవ్వు ఆగింది. "మాట్లాడుడా? నీ తిట్లు ఇనంగనే చేతులున్న పైపులిప్పే పానాలు ఆడనే పారేసి ఉరికినం. కోడిని కోసిందాక మావోళ్ళు ఒక్కడు గూడ అటు మొకాన పోలే."

"మరి రెండోనాడు మధ్యాహ్నం?"

"ఆ పనిల మనిషే లేడు బిడ్డా."

సగం కొరికిన లడ్డును డబ్బాలో పెట్టేసి, కాక మైసమ్మను తలుచుకుని దండం పెట్టాడు.

ఆ తర్వాత గొట్టానికి మూత పెట్టి వెల్డింగ్ చేశారు. వెల్డింగ్ మిషనుకు కరెంటు లాగింది నేనే. మూత పడేముందు వంగి "పాసైన" అని చెప్పాను. గాలి ఒక్కసారి లోపలికి లాగింది, అంతే. ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. అప్పుడప్పుడు ఆ పిల్ల మాత్రం గుర్తొస్తుంది, వణుకుతూ వణుకుతూనే మర్నాడు వెళ్ళి గొట్టంలోకి "ఉన్నవా" అని అడిగిన పిల్ల. అమ్మ చెప్పినా, బాపు చెప్పినా, చదువు చెప్పిన సార్లు చెప్పినా, తన గురించి ఒక్క మంచి మాట నమ్మలేదు. ఆఖరికి దయ్యం వచ్చి చెబితే నమ్మింది. నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది.